మా ఇంట్లో ద్విపాత్రాభినయం లేదు!

డబుల్ యాక్షన్ సినిమా అంటే ఇష్టం లేనివాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఒకే టిక్కెట్టు మీద ఇద్దరు హీరోలు! నాకైతే చిన్నప్పట్నించీ ఆ పిచ్చి ఉంది. ఫ్రీలాన్సు జర్నలిస్టుగా సినిమా పేజీలకు రాయడం మొదలుపెట్టాక ఈ డబుల్ యాక్షన్ మీదే ఎన్ని వ్యాసాలు గిలికానో లెక్కలేదు. అది చూసి కాబోలు ఆ పైవాడు, "వీడికి ఇంత సరదాగా ఉంటే ఒక ప్రింటు ఇంటికే పంపిస్తే పోలా?" అనుకున్నాడు.

పంపించాడు. ఇద్దరు ఆడపిల్లలు. నాలుగు నిమిషాల తేడా. ఇప్పుడు వాళ్ళ వయసు రెండేళ్ళ మూడు నెలలు.

అసలు పేర్లు ఇక్కడ రాయను. రేపు పెద్దయ్యాక "మా పేర్లు పత్రికలో ఎందుకు వేశావు నాన్నా?" అని ఇద్దరూ కలిసి నిలదీస్తే తట్టుకునే శక్తి నాకు లేదు. ఇంట్లో పిలిచే పేర్లు చెబుతాను - పెద్దబుజ్జి, చిన్నబుజ్జి. ఈ పిలుపులోనే ఒక పొరపాటు ఉంది. అది నాకు తెలిసిరావడానికి రెండేళ్ళు పట్టింది. ఎలా తెలిసిందో చెబుదామనే ఈ గోల.

మార్నింగ్ షో

మేముండేది హైదరాబాదు యూసఫ్‌గూడలో, రెండు గదుల వాటా. పక్కనే కృష్ణానగర్. సందు చివర టీ కొట్టు దగ్గర ఎప్పుడు చూసినా వేషాల కోసం వచ్చిన కుర్రాళ్ళు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. వాళ్ళతో మాట్లాడితే నాకో వ్యాసం దొరుకుతుంది, నాతో మాట్లాడితే వాళ్ళకో టీ దొరుకుతుంది. మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఏడున్నరకల్లా బస్సెక్కాలి. పిల్లల్ని చూసుకోవడానికి మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. ఇక నేనంటారా, "ఇంట్లోనే ఉంటారుగా, మీకేం పని?" అని చుట్టాలందరూ అడిగే ఉద్యోగం నాది.

మా ఇంట్లో ఆట తెల్లవారుజామున ఐదున్నరకే మొదలు. ముందు ఒకరు లేస్తారు. లేచినవాళ్ళు ఊరుకుంటారా? పక్కనున్న దాని జుట్టు పట్టుకుని లాగుతారు. రెండోది ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి మొదటిది భయపడి ఏడుస్తుంది. స్టీరియో సౌండన్నమాట!

తరువాత పాలు. ఒకేలాంటి గ్లాసులు రెండు కొన్నాం. లాభం లేదు. ఎవరి చేతిలో గ్లాసు వాళ్ళకొద్దు, అవతలి దాని చేతిలో ఉన్నదే కావాలి. మార్చి ఇస్తే మళ్ళీ ఇందాకటిదే కావాలి. ఇడ్లీ దగ్గరా ఇదే వరస, బొమ్మల దగ్గరా ఇదే వరస. ఆటోలో ఎక్కితే ఒకరు నా ఒళ్ళో, ఒకరు మా ఆవిడ ఒళ్ళో. సిగ్నల్ దగ్గర ఆగామో లేదో ఒళ్ళు మారాలి. పచ్చ లైటు వెలిగేలోపు రెండుసార్లు మారిన రోజులున్నాయి.

ఇక గుర్తుపట్టడం! మాది అచ్చు గుద్దినట్టున్న కవల జత. సినిమాలో అయితే ఒకళ్ళకి పుట్టుమచ్చ పెడతారు, కళ్ళజోడు పెడతారు, మీసం తీసేస్తారు. మరి మేమేం చెయ్యాలి? మా అత్తగారు ఒక ఉపాయం కనిపెట్టారు. పెద్దదానికి కుడిబుగ్గ మీద దిష్టిచుక్క, చిన్నదానికి ఎడమబుగ్గ మీద. బాగానే ఉంది కానీ, వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూచుని బుగ్గ బుగ్గ ఆనించుకుంటారే! పది గంటలయ్యేసరికి ఇద్దరికీ రెండు బుగ్గలా కాటుకే. తరువాత చిన్నదాని కాలి బొటనవేలికి ఎర్ర గోళ్ళరంగు వేశాం. అది వారం రోజుల్లో పెచ్చులూడిపోయింది.

ఒకరోజు మా అత్తగారు స్నానం చేయించి ఒకదాన్ని నాకిచ్చి, రెండోదాన్ని తెమ్మన్నారు. నేను ఫోన్లో ఎవరో దర్శకుడితో మాట్లాడుతూ తువ్వాలు చుట్టిన పిల్లని దింపి, కాళ్ళ దగ్గర తిరుగుతున్న పిల్లని ఎత్తి ఇచ్చాను. ఆవిడ రెండు చెంబులు పోశాక, "అల్లుడుగారూ, దీని జుట్టు ముందే తడిగా ఉందేమిటండీ?" అన్నారు. పెద్దబుజ్జికి రెండు స్నానాలు. చిన్నబుజ్జికి ఆ పూట అసలు స్నానమే లేదు. అందరం పడీ పడీ నవ్వాం. నవ్వాల్సిన విషయమేనా అన్న అనుమానం అప్పుడు రాలేదు.

జంట అరటిపళ్ళ కథ

కవలల్ని తీసుకుని వీధిలోకి వెళ్ళి చూడండి. మామూలు సినిమా తారకి కూడా అంత గుంపు రాదు. అందరి ప్రశ్నలూ ఒకటే. "ఇద్దరూ ఒకేసారి ఏడుస్తారా?", "ఒకరికి దెబ్బ తగిలితే రెండో దానికి నొప్పి పుడుతుందా?", "మీ వంశంలో ఎవరైనా ఉన్నారా?" కూరగాయలమ్మే ఆవిడైతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "జంట అరటిపండు తిన్నావా తల్లీ?" అని రహస్యంగా అడిగింది.

అరటిపండు ఏ పాపమూ ఎరగదు లెండి. డాక్టర్లు చెప్పేదేమిటంటే, కవలలు రెండు రకాలు. తల్లి కడుపులో రెండు అండాలు వేరువేరుగా ఫలదీకరణం చెందితే ఒక రకం. వాళ్ళు ఒకే రోజున పుట్టిన అన్నదమ్ములో, అక్కచెల్లెళ్ళో, అంతే. పోలికలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఒకరు ఆడ, ఒకరు మగ కూడా కావొచ్చు. ఈ రకం కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి వస్తుంది. రెండో రకం మా వాళ్ళు. ఒకే అండం మొదటి రెండు వారాల్లోపు రెండుగా విడిపోవడం వల్ల పుట్టేవాళ్ళు. ఇది సాధారణంగా వంశాన్ని బట్టి రాదు. ప్రపంచంలో ఏ దేశంలో చూసినా ఇంచుమించు వెయ్యి కాన్పులకు 4 చొప్పున ఉంటుంది.

అచ్చు గుద్దినట్టున్నా వేలిముద్రలు మాత్రం ఒకటి కావు. కడుపులో ఉన్నప్పుడే ఎవరి వేలి మీద గీతలు వాళ్ళకి వేరుగా పడిపోతాయి. అయినా ఐదేళ్ళలోపు పిల్లలకి ఆధార్ కార్డిచ్చేటప్పుడు వేలిముద్రలు తీసుకోరు. అంచేత మా వాళ్ళ సంగతి ఇంకా సర్కారుకి కూడా తేలలేదన్నమాట!

ఇక ఒకరిని కొడితే మరొకరికి నొప్పి? అది మన సినిమాల పుణ్యం. 1950లో జెమిని వారి 'అపూర్వ సహోదరులు' దగ్గర్నించీ 1994లో నాగార్జున 'హలో బ్రదర్' దాకా ఆ చిట్కా మనల్ని అలరిస్తూనే ఉంది. అలాంటిది నిజంగా ఉందని సైన్సు మాత్రం తేల్చలేదు. మా ఇంట్లో అయితే చిన్నబుజ్జి పెద్దబుజ్జి చెయ్యి కొరికితే నొప్పి పెద్దబుజ్జికే. చిన్నబుజ్జి హాయిగా నవ్వుతుంది!

మాస్టారి మాట

మా వాటాకి కింద ఇంటి ఓనరుగారు ఉంటారు. ఎనభై ఏళ్ళ మనిషి. పూర్వం మద్రాసు స్టూడియోల్లో కెమెరా అసిస్టెంటుగా చేశారు. అందరం మాస్టారూ అంటాం. సాయంత్రం పిల్లల్ని అరుగు మీదకి తీసుకెళితే ఆయన వాళ్ళని చూస్తూ పాత సంగతులు చెబుతారు. ఒకరోజు మాస్కు షాటు గురించి అడిగాను.

కంప్యూటర్లు లేని రోజుల్లో తెర మీద ఒకే నటుడు ఇద్దరుగా ఎలా కనిపించేవాడో మీకు తెలిసే ఉంటుంది. కెమెరాని కదలకుండా బిగించేస్తారు. లెన్సు ముందు సగానికి నల్ల మాస్కు పెట్టి, మిగతా సగంలో నటుణ్ణి నిలబెట్టి షాటు తీస్తారు. తరువాత అదే ఫిలింని వెనక్కి చుట్టి, మాస్కు రెండోవైపు పెట్టి, నటుడి వేషం మార్చి మళ్ళీ తీస్తారు. మధ్య గీత దాటకూడదు. చెయ్యి దాటితే చెయ్యి తెగిపోయినట్టు కనిపిస్తుంది. వీపు మాత్రమే కనిపించే షాట్లకి డూపుని పెడతారు. కైకాల సత్యనారాయణగారు కెరీరు తొలిరోజుల్లో ఎన్.టి.ఆర్.కి అలా డూపుగా నిలబడ్డవారే.

1964లో వచ్చిన 'రాముడు భీముడు' గుర్తుందిగా? రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్స్ మొదటి సినిమా. తాపీ చాణక్య దర్శకుడు. పిరికి రాముడు, పోకిరి భీముడు. అదే కథ తమిళంలో ఎం.జి.ఆర్.తో 1965లో, హిందీలో దిలీప్ కుమార్‌తో 1967లో వచ్చింది. ఆడవాళ్ళ సంగతి చూస్తే హేమమాలిని 'సీతా ఔర్ గీతా' 1972లో, దాన్నే మనవాళ్ళు 1973లో వాణిశ్రీతో 'గంగ మంగ' అని తీశారు.

"అంత కష్టం ఎందుకు మాస్టారూ, రెండూ ఒకేసారి కానిచ్చే దారి లేదా?" అన్నాను.

ఆయన నవ్వారు. "రెండుసార్లు తియ్యాల్సిందేనయ్యా. ఒక్కసారి తీస్తే ఇద్దరు రారు."

ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను. వ్యాసానికి పనికొస్తుందని. ఇంటికి పనికొస్తుందని అప్పుడు తోచలేదు.

ఆ రాత్రి

మొన్న వానాకాలంలో సంగతి. మా అత్తగారు ఏదో పెళ్ళికని తెనాలి వెళ్ళారు. చిన్నబుజ్జికి జ్వరం. నేను ఒక ఆడియో ఫంక్షన్ రిపోర్టు చేసి ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండున్నర. మా ఆవిడ రెండు రోజుల్నించి నిద్ర లేక కళ్ళు మూతలు పడుతూ, "ఏవండీ, చిన్నదానికి పదింటికి మందు పోశాను. పెద్దదానికి కూడా ఒళ్ళు వెచ్చబడింది. లేచి ఏడిస్తే దానికి పొయ్యండి. పెద్దది ఎర్ర గౌనులో ఉంది," అని చెప్పి అలాగే నిద్రలోకి జారుకుంది.

పన్నెండున్నరకి ఒకరు ఏడ్చారు. పెద్ద లైటు వేస్తే రెండోది లేస్తుందని వెయ్యలేదు. సెల్లు వెలుతురులో చూశాను. ఎర్ర గౌను. డాక్టరు రాసిన ప్రకారం సిరప్ కొలిచి పోశాను. భుజం మీద వేసుకుని జోకొట్టాను. పడుకోబెట్టాను. నా అంత బాధ్యత గల తండ్రి లేడనుకున్నాను.

ఒంటిగంటకి రెండోది మూలిగింది. ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. పసుపు గౌను. పసుపు గౌనంటే చిన్నబుజ్జి కదా, దానికి పదింటికే మందు పడింది, ఇంకా ఇంత జ్వరమేమిటి? గుండె దడదడలాడింది. మా ఆవిడని లేపాను. ఆవిడ లేచి లైటు వేసి, ఇద్దర్నీ చూసి, మంచం కింద తడిగా పడున్న ఇంకో గౌను చూసి, తల పట్టుకుంది. నేను రాకముందు ఇద్దరూ వాంతి చేసుకుంటే బట్టలు మార్చిందట. ఏది ఎవరికి వేసిందో ఆ నిద్రమత్తులో ఆవిడకీ గుర్తు లేదు.

అంటే నేను మందు పోసింది ఎవరికి? మళ్ళీ చిన్నదానికేనా? రెండున్నర గంటల్లో రెండు మోతాదులా? మరి పెద్దది మందే లేకుండా మండిపోతోందా? లేక అంతా సవ్యంగానే ఉండి చిన్నదానికే జ్వరం తగ్గలేదా?

పిల్లల డాక్టరుగారికి ఫోను చేశాను. మహానుభావుడు, ఆ వేళప్పుడు కూడా తీశారు. విషయం చెబితే ఆయన అడిగినవి మూడే ప్రశ్నలు.

"ఎంత పోశారు?" చెప్పాను.

"పాప బరువెంత?" ఎవరిదీ చెప్పలేకపోయాను. "ఇద్దరూ పదీ పదకొండు కిలోలు ఉంటారండీ," అన్నాను.

"ఇద్దరి సంగతి తరువాత. మందు రెండోసారి పడింది ఏ పాపకి?"

పాఠకులారా, 'రాముడు భీముడు'లో ఏ సీనులో ఉన్నది రాముడో, ఏ సీనులో ఉన్నది భీముడో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా కళ్ళ ముందు మంచం మీద ఉన్న నా ఇద్దరు కూతుళ్ళలో ఎవరు ఎవరో చెప్పలేకపోయాను. ఫోను పట్టుకుని అలా నిలబడిపోయాను.

ఎడమచెవి

మా ఆవిడే తేరుకుంది. "చిన్నది నిద్రపోయేటప్పుడు చెవి పట్టుకుంటుంది. పెద్దది కొంగు పట్టుకుంటుంది. పడుకోండి," అంది.

నిజమే! రోజూ చూసేదే. కానీ అది గుర్తు అని నేనెప్పుడూ అనుకోలేదు. మంచం మీద ఇద్దరి మధ్యా పడుకున్నాను. ఎర్ర గౌను పిల్ల వైపు తిరిగి తల దగ్గర పెట్టాను. నిద్రలోనే ఆ చిన్న చెయ్యి తడుముకుంటూ వచ్చింది. ముక్కు దాటింది. బుగ్గ దాటింది. నా ఎడమచెవి తమ్మె దొరికాక గట్టిగా పట్టుకుని ఆగింది.

చిన్నబుజ్జే. రెండు మోతాదులు దానికే పడ్డాయి.

డాక్టరుగారికి చెప్పాను. సీసా మీద ఉన్న అంకెలన్నీ చదివించుకుని, లెక్క వేసి, తాను చెప్పేదాకా చిన్నదానికి ఇంకో చుక్క కూడా పొయ్యొద్దన్నారు. ఏమేం కనిపెట్టి చూడాలో చెప్పారు. పెద్దదానికి ఎంత పొయ్యాలో చెప్పి, పొద్దున్నే ఇద్దర్నీ తీసుకురమ్మన్నారు. ఆ రాత్రి మేమిద్దరం కన్ను మూస్తే ఒట్టు. ఆసుపత్రిలో చూసి, ప్రమాదమేమీ లేదన్నారు. నాలుగు రోజుల్లో ఇద్దరూ లేచి మళ్ళీ గ్లాసుల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

వచ్చేటప్పుడు డాక్టరుగారు ఒక్క మాటన్నారు. "మీకు ఇద్దరు పేషెంట్లు ఉన్నారండీ. ఒక పేషెంటు, దాని కాపీ కాదు. రెండు కాగితాలు పెట్టుకోండి."

ఇద్దరు కలిసి ఒక వేషం

ఆ తరువాత నా మనసులో మెదులుతూ వచ్చింది ఒక అమెరికా సంగతి. అక్కడ 'ఫుల్ హౌస్' అనే టీవీ సీరియల్ 1987 నుంచి 1995 వరకు నడిచింది. అందులో మిషెల్ అనే చిన్నపాప వేషం ఒక్కటే. వేసింది మాత్రం మేరీ కేట్, ఆష్లీ అనే కవలలు. ఏడాది కూడా నిండకముందే మొదలుపెట్టారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరిని కెమెరా ముందు కూచోబెట్టేవారు. చాలాకాలం టైటిల్సులో ఇద్దరి పేర్లూ కలిపి, ఒకే మనిషి పేరులా వేశారు. మన డబుల్ యాక్షన్‌కి ఇది తలకిందులు. అక్కడ ఒక మనిషి, రెండు వేషాలు. ఇక్కడ ఇద్దరు మనుషులు, ఒక వేషం.

మా ఇంట్లో జరుగుతున్నదీ అదే కదా! పెద్దబుజ్జి, చిన్నబుజ్జి. ఇద్దరూ బుజ్జే. ముందు నిలబడ్డది పెద్ద, వెనక నిలబడ్డది చిన్న. ఒకరు పాలు తాగితే "పిల్లలు తాగారు" అనేవాణ్ణి. ఒకరికి మాట వస్తే "పిల్లలు మాట్లాడుతున్నారు" అనేవాణ్ణి. మాట్లాడేది పెద్దదొక్కటే. చిన్నది వేలు చూపిస్తే చాలు, పెద్దది "నీల్లు" అని అడిగిపెట్టేది. కవలలకి మాటలు కొంచెం ఆలస్యంగా రావడం మామూలేనట. తమలో తాము సైగలతో, వచ్చీరాని మాటలతో పని నడుపుకుంటారు. పైగా పెద్దవాళ్ళు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడేది తక్కువ. అది మా ఇంటికి అక్షరాలా వర్తించింది.

సరిగ్గా ఇలాంటప్పుడే కృష్ణానగర్లో నాకు తెలిసిన ఒక కో-డైరెక్టరు ఫోను చేశాడు. "గురూగారూ, మన సినిమాలో రెండేళ్ళ పాప వేషం ఉంది. మీ కవలలైతే దివ్యంగా సరిపోతారు. ఒకరు ఏడిస్తే ఇంకొకరిని పెట్టుకోవచ్చు. పది రోజుల పని, పేమెంటు బాగా ఇప్పిస్తా," అన్నాడు.

అబద్ధమెందుకు, నోరూరింది. ఫ్రీలాన్సువాడికి చెక్కు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అప్పటికి రెండు నెలల అద్దె బాకీ. పిల్లలతో షూటింగు చెయ్యాలంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ఉండాలని, రోజుకి 5 గంటలు మించకూడదని, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అవి అడిగాను. అన్నీ చూసుకుంటామన్నాడు. మా ఆవిడతో చెబితే ఆవిడ ఒక్కటే అంది. "టైటిల్సులో ఎవరి పేరు వేస్తారో కనుక్కోండి."

కనుక్కున్నాను. అవతల ఫోన్లో పకపకా నవ్వు. "ఏదో ఒక పేరు వేద్దాం గురూగారూ. ఇద్దరూ ఒకటేగా, ఎవరికి తెలుస్తుంది?"

అర్ధరాత్రి ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు నా నోట రాని జవాబు ఇప్పుడొచ్చింది. "మాకు తెలుస్తుంది," అని వద్దన్నాను. అద్దె బాకీ అలాగే ఉండిపోయింది. మాస్టారు మంచివారు కాబట్టి ఊరుకున్నారు.

రెండు టేకులు

ఇప్పుడు మా ఇంట్లో తలుపు వెనక రెండు కాగితాలు అంటించి ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. పెద్దబుజ్జి, చిన్నబుజ్జి కాదు, అసలు పేర్లు. బరువు, మందు, పోసిన టైము, పోసినవాళ్ళ సంతకం. షూటింగులో కంటిన్యూటీ షీటు రాసుకుంటారే, అలాగన్నమాట. గౌన్లు కూడా ఒకేరకంవి కొనడం మానేశాం. మా అత్తగారికి ఇది నచ్చలేదు. "కవలలకి ఒకేలా వేస్తే చూడముచ్చటగా ఉంటుంది కదండీ అల్లుడుగారూ!" అంటారు. ఆ ముచ్చట పండగలకి ఉంచుకున్నాం.

రోజూ సాయంత్రం ఒకరిని మాత్రమే తీసుకుని సందు చివరిదాకా వెళ్ళి వస్తాను. ఒకరోజు పెద్దది, ఒకరోజు చిన్నది. మొదటివారం ఇంట్లో ఉండిపోయినది కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. నాతో వచ్చినదీ ఏడ్చింది. ఇప్పుడు అలవాటు పడ్డారు. పెద్దది దారంతా మాట్లాడుతూనే ఉంటుంది. కుక్క, బండి, మామ, మళ్ళీ కుక్క. చిన్నది మాట్లాడదు. ఆగి చూస్తుంది. టీ కొట్టువాడు గ్లాసులో టీ పైనుంచి పోస్తుంటే పది నిమిషాలు కదలకుండా చూస్తుంది. రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఈ తేడా నాకు కనిపించలేదు. ఇద్దరినీ ఒకేసారి చూస్తే పోలికలే కనిపిస్తాయి మరి. మాస్టారు చెప్పింది అదే కదా? ఒక్కసారి తీస్తే ఇద్దరు రారు!

1966లో ఏ.వి.ఎం. వారి 'లేత మనసులు' వచ్చింది. హరనాథ్, జమున జంట. వాళ్ళ కవల కూతుళ్ళుగా కుట్టి పద్మిని ఒక్కర్తే రెండు వేషాలూ వేసింది. విడిపోయిన అమ్మానాన్నల్ని కలపడానికి అక్కచెల్లెళ్ళు ఒకరి ఇంటికి ఒకరు మారిపోతారు. ఈ కథకి మూలం ఎరిక్ కెస్ట్నర్ అనే జర్మను రచయిత 1949లో రాసిన పిల్లల నవల. ఆ మధ్య ఆ సినిమా మళ్ళీ చూశాను. పిల్లల తెలివికి ఒకప్పుడు చప్పట్లు కొట్టినవాణ్ణే, ఈసారి వేరే అనుమానం వచ్చింది. ఇంటికొచ్చింది వేరే పిల్ల అని కన్నవాళ్ళకి తెలియకపోవడమేమిటి? నిద్రపోయేటప్పుడు ఎవరు చెవి పట్టుకుంటారో చూసుకోలేదా? సినిమా కాబట్టి సరిపోయింది. నేనూ ఆ అమ్మానాన్నల కోవలోవాణ్ణే కాబట్టి ఎక్కువ మాట్లాడను.

అద్దం ముందు

మా బీరువా తలుపుకి నిలువుటద్దం ఉంది. కవల పిల్లలకి అద్దంతో ఒక చిక్కుంది. అందులో కనిపించేది తనా, అవతలి మనిషా? రోజంతా అదే మొహాన్ని ఎదురుగా చూస్తుంటారు కదా! చిన్నది చాలాకాలం అద్దంలో తనని చూసుకుని "అక్క" అనేది. ఫోటో చూపించినా "అక్క". ఇద్దరున్న ఫోటో చూపిస్తే రెండు మొహాల మీదా వేలు పెట్టి "అక్క, అక్క" అనేది. మేం నవ్వేవాళ్ళం.

పోయిన ఆదివారం పెద్దది మా ఆవిడతో కూరగాయలకి వెళ్ళింది. నేను ఈ వ్యాసం కోసం కాగితాలు ముందేసుకుని కూచున్నాను. చిన్నది బీరువా ముందు నిలబడి చాలాసేపు చూసుకుంది. అద్దం వెనక ఎవరైనా ఉన్నారేమోనని తలుపు తీసి చూసింది. చీరలే ఉన్నాయి. తలుపు వేసింది. మళ్ళీ చూసుకుంది. తన చెవి తాను పట్టుకుంది. అద్దంలో పిల్ల కూడా చెవి పట్టుకుంది.

అప్పుడు నా వైపు తిరిగి తన పేరు చెప్పింది. బుజ్జి అని కాదు. అసలు పేరు. నాలుగక్షరాల్లో రెండే పలికింది, అవీ సగం సగం. అయినా నాకు స్పష్టంగా వినిపించింది.

మా ఆవిడ సంచీతో లోపలికి రాగానే ఈ సంగతి చెప్పబోయాను. ఈలోగా పెద్దది పరుగెత్తుకొచ్చి అద్దం ముందు చెల్లెల్ని పక్కకి తోసేసింది. చిన్నది ఊరుకుంటుందా? జుట్టు పట్టుకుంది. స్టీరియో సౌండు మొదలైంది.

ఇంకేముంది, ఈ వ్యాసం ఇక్కడే ఆపాల్సి వచ్చింది. మీరు మాత్రం ఈసారి డబుల్ యాక్షన్ సినిమాకి వెళ్ళినప్పుడు చప్పట్లు రెండుసార్లు కొట్టండి. అక్కడ ఒకరే ఇద్దరుగా కష్టపడ్డారు కాబట్టి. మా ఇంట్లో ఆ అవసరం లేదు. ఇక్కడున్నది అచ్చంగా ఇద్దరు!